ప్రజారోగ్యమున లక్ష్యములు: కొనకనమిట్ల నేర్పు పాఠము

మన గ్రామములలో పంచాయతీ కార్యాలయపు గోడమీదనో, ఆరోగ్య ఉపకేంద్రపు గోడమీదనో ఒక పట్టిక వ్రాసియుండుట పాఠకులు చూచియేయుందురు. ఒక వరుసలో 'లక్ష్యము' అనియు, ప్రక్క వరుసలో 'సాధించినది' అనియు ఉండును. టీకాలు ఇన్ని, కాన్పులు ఇన్ని, కుళాయిలు ఇన్ని అని అంకెలు వేయబడియుండును. దారిన పోవువారు అవి సర్కారువారి లెక్కలని, తమకు వానితో పనిలేదని తలంచి సాగిపోవుదురు. ఈ తలంపు సరియైనది కాదు. ఆ రెండు వరుసలలో ఏమి వ్రాయబడినది, ఏమి వ్రాయబడలేదు అనుదానిమీద ఊరి నీరు, పిల్లల పండ్లు, పెద్దల నడుములు ఆధారపడియుండును.

కొంతకాలము క్రిందట కొనకనమిట్ల మండలములోని ఒక గ్రామమున మంచినీటిని గూర్చి జరిగిన సభకు మేము వెళ్లియుంటిమి. మా వంతు రాగానే, ఆ గ్రామమునకు త్రాగునీటి వసతి కల్పింపబడినదనియు, లక్ష్యము నూటికి నూరుపాళ్లు నెరవేరినదనియు చేతిలోని కాగితము చూచి చదివితిమి. ముందు కూర్చున్న ఒక వృద్ధురాలు లేచి, ప్రక్కనున్న మనుమని గడ్డము పట్టి పైకెత్తి, "నాయనా, నీళ్లిచ్చిన మాట నిజమే. ఈ పిల్లోడి పండ్లు చూడు. నీ కాగితంలో పండ్ల లెక్క ఉందా?" అని అడిగెను. బాలుడు సిగ్గుపడి పెదవులు బిగించుకొనెను. అయినను ముందు పండ్లమీది గోధుమరంగు చారలు మాకు కనబడనే కనబడెను. మా కాగితమున పండ్ల లెక్క లేదు. సరియైన సమాధానము తోచక, పైవారికి తెలియజేసెదమని చెప్పి కూర్చుంటిమి. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా వ్రాసిన జవాబనుకొన్నను తప్పులేదు.

ముందుగా లక్ష్యమనగా నేమో చూతము. "మా ఊరివారందరు ఆరోగ్యముగా ఉండవలెను" అనునది కోరిక. కోరిక మంచిదే గాని, అది నెరవేరినదో లేదో ఎవరును చెప్పజాలరు. "ఈ ఊరిలో అయిదేండ్ల లోపు పిల్లలు త్రాగు నీటిలో లీటరునకు ఒక మిల్లీగ్రామునకు మించి ఫ్లోరైడు లేకుండ రాబోవు రెండేండ్లలో చేయవలెను" అనునది లక్ష్యము. ఇందులో ఎంత, ఎవరికి, ఎప్పటికి అను మూడును ఉన్నవి. గడువు తీరిన నాడు నీటిని పరీక్షించి అవునో కాదో ఎవరైనను చెప్పవచ్చును. కోరికకు సంజాయిషీ లేదు. లక్ష్యమునకు సంజాయిషీ ఉన్నది. అందుచేతనే ప్రభుత్వములు లక్ష్యములను ప్రకటించుటకు కొంత జంకును. ప్రకటించిన పిమ్మట, సులభముగా లెక్కకు వచ్చుదానిని లెక్కించి తృప్తిపడు ప్రలోభమునకు లోనగుటయు కలదు.

కొనకనమిట్లకు ఈ విషయముతో గల సంబంధము చిన్నది కాదు. నేడు పశ్చిమ ప్రకాశమని మనము పిలుచుచున్న ఈ మెట్టప్రాంతములో పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలు 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడువరకు నెల్లూరు జిల్లాలోనివి. మార్కాపురము, గిద్దలూరు వైపు గ్రామములు కర్నూలు జిల్లాలోనివి. 1930 తరువాతి సంవత్సరములలో ఇచ్చటి రైతులు తమ ఎద్దులు కాళ్లు బిగిసి, అరకకు లొంగక, నడువలేక కూలబడుటను గమనించిరని చెప్పుదురు. మనుష్యులలోను నడుములు వంగుట, మెడలు తిరుగకపోవుట, పండ్లపై మచ్చలు పడుట ఉండెను. గ్రామస్థులు దానిని కర్మమనియు, నేల దోషమనియు ఎంచిరి. నేల దోషమను మాటలో కొంత నిజము లేకపోలేదు. 1937లో మద్రాసు గిండీలోని కింగ్ సంస్థకు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అను శాస్త్రజ్ఞులు నెల్లూరు జిల్లాలోని ఈ వ్యాధిని గూర్చి ప్రకటించిరి. బావినీటిలోని ఫ్లోరైడే దీనికి కారణమని నిర్ధారణయయ్యెను. మన దేశమున మనుష్యులకు వచ్చు ఫ్లోరోసిస్ వ్యాధి శాస్త్రమున కెక్కినది ఈ సీమనుండియే. ఇది గర్వింపదగిన ప్రథమస్థానము కాదని వేరుగ చెప్పనక్కరలేదు.

కారణము 1937లో తెలిసెను. జాతీయ త్రాగునీటి మిషన్ 1986లో ఏర్పడినపుడు ఫ్లోరైడు నివారణ దానిలో ఒక భాగమయ్యెను. ఆరోగ్యశాఖ తరపున ఫ్లోరోసిస్ నివారణకు ఒక జాతీయ కార్యక్రమము 2008-09లో మొదలయ్యెను. తొలుత ఎంపికయిన జిల్లాలలో నెల్లూరు ఒకటి. అనగా వ్యాధిని గుర్తించుటకును, దానికై ఒక ఆరోగ్య కార్యక్రమము వచ్చుటకును నడుమ డెబ్బదియొక్క సంవత్సరములు గడచినవి. ఆ కాలములో మశూచికి లక్ష్యముండెను, మలేరియాకు లక్ష్యముండెను, కుటుంబ నియంత్రణకు లక్ష్యముండెను. మెల్లగా ఎముకలలోనికి చేరు వ్యాధి, అంటువ్యాధివలె ఊళ్లను ఒక్కమారుగా పండబెట్టని వ్యాధి, మెట్ట సీమల బీదవారికే ఎక్కువగా వచ్చు వ్యాధి ఏ పట్టికలోను చేరలేదు. పట్టికలో లేనిదానికి నిధులు కేటాయింపు కావు, సమీక్షలో దానిని గూర్చి అడుగువారుండరు. లక్ష్యములవలన కలుగు మొదటి ప్రయోజనమును, లక్ష్యము లేకుండుటవలన కలుగు నష్టమును ఇక్కడనే చూడవచ్చును.

ఇక అంకె సంగతి. త్రాగునీటిలో లీటరునకు 1.5 మిల్లీగ్రాముల ఫ్లోరైడును ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితిగా సూచించినది. మన భారతీయ ప్రమాణము 1.0 మిల్లీగ్రామును వాంఛనీయ పరిమితిగను, వేరు నీటివనరు లేనపుడు మాత్రము 1.5 వరకు సహింపదగినదిగను చెప్పుచున్నది. ఒక మిల్లీగ్రామనగా ఎంత? వేయి లీటర్ల తొట్టెలో ఒక గ్రాము పదార్థము కలిపినచో లీటరునకు ఒక మిల్లీగ్రామగును. ఇంత స్వల్పమైన దానివలన ఏమగునని అనుకొనరాదు. ఒక మిల్లీగ్రాము లోపల ఉన్నచో అది పండ్లు పుచ్చకుండ కాపాడును. అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణమున 1945 నుండి నీటిలో ఫ్లోరైడును కావలెనని కలిపిరి. మనవారు తీసివేయుటకు పాట్లుపడునదానిని అచ్చట కలుపుచుండుట వింతగా తోచును గాని, అది కేవలము పాళ్ల భేదమే. పరిమితి మించినచో ఎదుగు పిల్లల పండ్లు చెడును. మూడు మొదలు ఆరు మిల్లీగ్రాముల నీటిని ఏండ్లతరబడి త్రాగినచో ఎముకలు, కీళ్లు పట్టుబడును. పది మించినచో మనిషి వంగిపోవును.

ఈ పరిమితిని గూర్చి ఒక్కమాట. మనిషి రోజునకు ఎంత నీరు త్రాగునను అంచనామీద ఇట్టి అంకెలు ఏర్పడును. వేసవిలో మార్కాపురము పలకల గనులలో పనిచేయు కూలి, కంది చేలలో కలుపుతీయు స్త్రీ త్రాగు నీరు చలిదేశపు ఉద్యోగి త్రాగునంతటిదేనా? ప్రపంచ ఆరోగ్య సంస్థయే, తమ పరిమితిని ప్రతి దేశమును తన శీతోష్ణములను, నీటి వాడకమును బట్టి సరిచూచుకొనవలెనని చెప్పినది. కావున 1.4 వచ్చినదని పరీక్షకుడు చెప్పగానే గండము గడచినట్లు భావింపక, 1.0 వైపే దృష్టి నిలుపుట మంచిదని మా అభిప్రాయము.

ఇప్పుడు ఆ వృద్ధురాలి ప్రశ్నకు వత్తుము. ఊరికి నీరు వచ్చినది. లక్ష్యము నెరవేరినది. పండ్లు ఎందుకు చెడినవి? మన గ్రామీణ నీటి పథకములలో చాలకాలము ఉండిన కొలత ఏమనగా, మనిషికి రోజునకు 40 లీటర్లు, 250 మందికి ఒక చేతిపంపు, ఇంటికి 1.6 కిలోమీటర్ల లోపల నీటివనరు. ఈ మూడును ఉన్నచో ఆ పల్లెను 'వసతి కలిగిన పల్లె' అని వ్రాసికొనిరి. ఈ కొలత దుర్బుద్ధితో ఏర్పడినది కాదు. నీటికై స్త్రీలు మైళ్లకొలది నడచుచున్న రోజులలో, చెరువునీటివలన కలరా ప్రబలుచున్న రోజులలో, చేతిపంపు వరమే అయినది. విరేచనముల చావులు తగ్గుటకు అది తోడ్పడినది. కాని మన ప్రాంతమున నేలక్రింద నున్నవి కఠిన శిలలు. ఆ రాతిలోని ఖనిజములనుండి ఫ్లోరైడు నీటిలోనికి దిగును. వాన తక్కువ, నీరు రాతితో కలిసియుండు కాలమెక్కువ. బోరు లోతుకు పోయినకొలది నీరు దొరకవచ్చును గాని, అనేక చోట్ల దానితోపాటు ఫ్లోరైడును పెరిగినది. పంపు లెక్క పెరిగినది, నీటిగుణము లెక్కకు రాలేదు. లక్ష్యపు పట్టికలో ఆ ఊరు గెలిచినది, ఊరిలో బాలుడు ఓడినాడు.

ఇది మన ఒక్క ప్రాంతపు పొరపాటు కాదు. దేశమంతయు ఇట్టి పాఠమును ఒకమారు గట్టిగా నేర్చుకొన్నది. 1962లో జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమము మొదలైనపుడు, మూడేండ్లలో నూటికి 80 మందికి టీకాలు వేయవలెనని లక్ష్యము పెట్టుకొనిరి. టీకాల లెక్కలు నెలనెలకు పెరిగినవి. అయినను మశూచి పోలేదు. కారణము విచారింపగా, టీకాలవారు సులభముగా దొరకు బడిపిల్లలకు మరల మరల వేసి లెక్కకు ఎక్కించుచుండగా, మారుమూల పల్లెలలోని పసివారు, వలసకూలీలు, పట్టణపు మురికివాడలవారు మిగిలిపోయిరని తేలినది. 1974లో ఒక్క సంవత్సరమున దేశములో 1,88,000 మందికి మశూచి వచ్చినది. అంతకుముందే పద్ధతి మార్చిరి. ఎన్ని టీకాలు వేసితిమను లెక్కకు బదులు, ఎన్ని కేసులు ఎక్కడ ఉన్నవను వెదకులాటకు ప్రాధాన్యమిచ్చిరి. ఇల్లిల్లు తిరిగి మశూచి రోగి పటమును చూపి అడిగిరి. కేసు చెప్పినవారికి బహుమానము ప్రకటించి, దానిని 1975లో వేయి రూపాయలదాక పెంచిరి. రోగి ఇంటిచుట్టు ఉన్నవారందరికి టీకాలు వేసిరి. 1975 మే నెల తరువాత దేశమున మశూచి కనబడలేదు. 1977 ఏప్రిలులో మన దేశము మశూచి లేని దేశముగా ప్రకటింపబడెను.

ఇక్కడ పాఠకులు ఒక విశేషమును గమనింపవలెను. క్రొత్త పద్ధతి వచ్చిన మొదటి నెలలలో కేసుల లెక్క పెరిగెను. వెదకినకొలది దొరకినవి. టీకాల లక్ష్యపు కాలములో కేసు బయటపెట్టిన ఉద్యోగికి చీవాట్లు, దాచినవానికి మెప్పు దక్కుచుండెను. క్రొత్త కాలములో కేసు కనిపెట్టినవాడే పనివాడు. లెక్క పెరుగుట అనర్థమని అనుకొను అధికారిక్రింద ఏ వ్యాధియు నిర్మూలనము కాదు. మా ఉద్యోగములోను మేము దీనిని చూచినాము. ఒక కార్యాలయమున, నీటి పరీక్షలలో దోషము కనబడిన గ్రామముల సంఖ్య ఎక్కువగా పంపిన ఉద్యోగిని మందలించిరి. మరుసటి నెల సంఖ్య తగ్గినది. నీరు మాత్రము అదియే.

నారికురుపు కథ దీనికంటె సంతోషకరమైనది. మెట్ల బావిలోనికి దిగి నీళ్లు ముంచుకొనువారికి వచ్చు ఆ పురుగు రోగము ఆంధ్రప్రదేశముతో కలిపి ఏడు రాష్ట్రములలో ఉండెను. 1984లో దేశమున సుమారు 40,000 కేసులు. మందు లేదు, టీకా లేదు. ఉన్నదెల్ల నీటిని గుడ్డలో వడియగట్టుట, మెట్లబావులను చేదబావులుగా మార్చుట, నీటిలోని సూక్ష్మజీవులను చంపు మందు చల్లుట, ఇల్లిల్లు తిరిగి కేసులను వెదకుట. అక్కడ లక్ష్యము సున్న. సున్నకు తక్కువ చెప్పి మోసగించుటకు వీలులేదు, కొంచెము మిగిలినను సున్న కాదు. 1996లో రాజస్థానమున కనబడిన కేసు తుదిది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమునకు ధ్రువపత్రమిచ్చెను. మార్కాపురము పలకమీద పిల్లవాడు వ్రాయు సున్న సులభమైనది. దానిని సాధించుటకు పండ్రెండేండ్లు పట్టినది.

మలేరియాను గూర్చి కొద్దిగా చెప్పి విడుతుము. 1953లో దేశమున 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చుచుండెననియు, 8 లక్షల మంది చనిపోవుచుండిరనియు అంచనా. డి.డి.టి. చల్లి 1965 నాటికి కేసులను ఒక లక్షకు దించిరి. గెలిచితిమని తలంచి చేయి సడలించిరి. 1976లో కేసులు 64 లక్షలు దాటినవి. లక్ష్యము దగ్గరకు వచ్చినపుడు నిధులు తగ్గించుట రైతు పంట కోతకు ముందు కాపలా మాన్పించుటవంటిది.

లక్ష్యమును మనిషి తలపై మోపినచో ఏమగునో కుటుంబ నియంత్రణ చరిత్ర చెప్పును. 1960 తరువాతి కాలమున ప్రతి జిల్లాకు, ప్రతి ఉద్యోగికి ఇన్ని శస్త్రచికిత్సలని లెక్క కట్టి ఇచ్చిరి. 1976-77లో దేశమునకు పెట్టుకొన్న లక్ష్యము 43 లక్షలు. జరిగినవి సుమారు 82 లక్షలు. కాగితముమీద చూచినచో ఇంతటి విజయము మరియొకటి లేదు. కాని ఆ అత్యవసర పరిస్థితి కాలములో ఎందరిని బలవంతముగా తీసికొనిపోయిరో, దానివలన ఆరోగ్య ఉద్యోగులను చూచి పల్లెలు ఎంత బెదరినవో అందరికి తెలిసినదే. ఆ అపనమ్మకము పోవుటకు సంవత్సరములు పట్టెను. 1996 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము పద్ధతివారీ లక్ష్యములను దేశమంతట ఎత్తివేసెను. అంతటితో చిక్కు తీరలేదు. లక్ష్యము లేదనగానే పనియు లేదనుకొన్నవారు కొందరు బయలుదేరిరి. పిదప, ఏ ఊరికి ఏమి కావలెనో ఆ ఊరిని అడిగి క్రిందినుండి లెక్క కట్టు పద్ధతిని తెచ్చిరి. మన రాష్ట్రమున ఒక స్త్రీకి కలుగు పిల్లల సగటు 1992-93లో 2.6 ఉండగా 2005-06 నాటికి 1.8కి దిగినది. వివాహపు వయస్సు పెరుగుట, పుట్టిన పిల్లలు బ్రదుకుట, ఆడపిల్లలు బడికి పోవుట, శస్త్రచికిత్సలు, ఇవన్నియు ఇందులో కలిసినవి. బలవంతపు లక్ష్యము చేయలేనిదానిని బడి చాలవరకు చేసినది.

గడువు తప్పిన లక్ష్యములను చూచి ఎగతాళి చేయువారున్నారు. వారి మాటలోను సత్యమున్నది. 1983 జాతీయ ఆరోగ్య విధానము 2000 నాటికి శిశుమరణములను వేయింటికి 60 లోపునకు దించెదమనెను. 2000లో అవి 68. 2002 విధానము 2010 నాటికి 30 అనెను. 2010లో 47. క్షయను 2025లో రూపుమాపెదమని ప్రపంచముకంటె అయిదేండ్లు ముందుగా గడువు పెట్టుకొంటిమి. లక్షకు 2015లో 237గా ఉండిన క్రొత్త కేసుల అంచనా 2023 నాటికి 195కు మాత్రమే దిగినది. అయితే 1971లో వేయింటికి 129 మంది శిశువులు మరణించిన దేశమున 2020 నాటికి ఆ లెక్క 28కి వచ్చినది గదా! అంకె తప్పినను దారి తప్పలేదు. పోలియోను 2000 నాటికే నిర్మూలింపవలెనని 1988లో ప్రపంచదేశములు తీర్మానించినవి. మన దేశమున తుది కేసు 2011 జనవరిలో వచ్చినది. 2014 మార్చిలో ధ్రువపత్రము లభించినది. గడువు పదునొకండు సంవత్సరములు తప్పినదని ఎవరును దానిని అపజయమనరు. ఎందుచేతననగా, గడువు తప్పిన ప్రతిమారును ఎందుకు తప్పినదో వెదకిరి, ఏ పల్లెలలో పిల్లలు మిగిలిరో పేరుపేరున వ్రాసిరి. గడువు తప్పుట దోషము కాదు. తప్పిన గడువును చడిచప్పుడు లేకుండ క్రొత్త తేదీతో మార్చివ్రాసి ఊరకుండుట దోషము.

సగటు లెక్కల సంగతియు కొంచెము తెలిసికొనవలెను. 2018-20లో ఆంధ్రప్రదేశమున లక్ష కాన్పులకు 45 మంది తల్లులు మరణించిరని లెక్క. దేశపు సగటు 97. సంతోషింపదగినదే. కాని ఈ 45 అను అంకెలో సముద్రతీరపు పట్టణమును, నల్లమల చెంచుగూడెమును, కొనకనమిట్ల మెట్టపల్లెయు కలిసియున్నవి. పట్టణము తగ్గించిన లెక్క గూడెమును కప్పివేయవచ్చును. పోలికలో పై వరుసనున్న రాష్ట్రమున సైతము క్రింది వరుసనున్న పల్లె ఉండును. కావున రాష్ట్రలక్ష్యము నెరవేరినదని వినినపుడు 'మా మండలమున ఎంత?' అని అడుగుటకు సంకోచింపరాదు.

మరల నీటికడకు వత్తుము. 2017 మార్చిలో ఫ్లోరైడు, ఆర్సెనిక్ దోషమున్న సుమారు 28,000 జనావాసములకు నాలుగేండ్లలో మంచినీరిచ్చుటకు కేంద్రము ఒక ఉపమిషన్ ఏర్పరచెను. 2019 ఆగష్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటింపబడెను. 2024 నాటికి ప్రతి పల్లె ఇంటికి కుళాయి, మనిషికి రోజునకు 55 లీటర్లు. 2025లో గడువును 2028 వరకు పొడిగించిరి. పాత కొలతకంటె ఇది మేలైనది. లీటర్లతోపాటు నీటిగుణమును ఇందులో చేర్చిరి, నీటిదోషమున్న పల్లెలకు ముందుచోటు ఇచ్చిరి. ప్రతి గ్రామమున అయిదుగురు స్త్రీలకు నీటిని పరీక్షించు పెట్టెనిచ్చి శిక్షణ నిచ్చు ఏర్పాటును ఉన్నది. అయినను కుళాయి బిగించుట ఒకటి, దానిలో ఫ్లోరైడు లేని నీరు ఏడాది పొడుగున వచ్చుట మరియొకటి. కుళాయి బోరునకే తగిలించినచో, వృద్ధురాలు ఇంటిలోనే ఆ నీరు పట్టుకొనుననుట తప్ప మార్పు లేదు.

బోరు విడిచి నదినీటికి మారుటయే ఈ సీమకు శాశ్వతమైన మార్గము. శ్రీశైలము జలాశయమునుండి 43.5 టి.ఎం.సి. నీటిని నల్లమలలో సొరంగములద్వారా తెచ్చి 4.47 లక్షల యెకరములకు సాగునీరును, సుమారు 15 లక్షల మందికి త్రాగునీరును ఇచ్చుటకు వెలిగొండ ప్రాజెక్టు ఉద్దేశింపబడినది. 1996లో శంకుస్థాపన జరిగెను. మొదటి సొరంగము 2021లోను, రెండవది 2024 ఆరంభములోను పూర్తియయ్యెను. 2024 మార్చిలో దానిని జాతికి అంకితమొనర్చిరి. అప్పటికి కాలువలు, ముంపు గ్రామముల పునరావాసము వంటి పనులు మిగిలియుండెను. సొరంగము త్రవ్విన మీటర్లు లక్ష్యములో ఒక మెట్టే. త్రవ్వినవారి శ్రమను తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. కాని బిందెలో నీరు పడిన రోజునే ఇంటివారికి లెక్క.

ఆలోపల గ్రామమువారు చేయదగినవి కలవు. నీటిని మరిగించినచో క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తగ్గినకొలది అది చిక్కనగును. ఈ సంగతి తెలియక పిల్లలకు బోరునీరే కాచి ఇచ్చు తల్లులు చాలమంది ఉన్నారు. డబ్బా నీరు కొని త్రాగుచు, అన్నము, పప్పు మాత్రము బోరునీటితో వండుట మరియొక పొరపాటు. వంటనీటిలోని ఫ్లోరైడు అన్నముతోనే లోపలికి పోవును. కావున కొన్న నీరైనను, శుద్ధియంత్రపు నీరైనను త్రాగుటకును వంటకును కలిపి లెక్క వేసికొనవలెను. వాననీటిలో ఫ్లోరైడు ఉండదనియే చెప్పవచ్చును. శుభ్రమైన డాబాపై పడిన వాననీటిని తొలివాన విడిచి మూతగల తొట్టెలో పట్టినచో చిన్నపిల్లలున్న ఇంటికి కొన్ని నెలల వంటనీరు దొరకును. పటిక, సున్నము, బ్లీచింగుపొడి కలిపి ఫ్లోరైడును అడుగునకు దించు విధానమును నాగపురములోని పరిశోధనాలయమువారు కనిపెట్టి మన నల్లగొండ పేరు పెట్టిరి. దానిని నేర్చినవారు నడుపవలెను. పాళ్లు తప్పినచో మేలుకు మారు కీడు. పాలు, మునగాకు, ఉసిరి, నిమ్మ ఆహారములో ఉన్నచో కొంత రక్షణ. నల్లుప్పు, చిక్కని తేనీరు పిల్లలకు మానిపింపవలెను. ఎముకలకు పట్టిన వ్యాధిని పూర్తిగా నయముచేయు మందు లేదు గనుక ఇవన్నియు ముందుజాగ్రత్తలే.

గ్రామసభవారు గోడమీది పట్టికలో మరి రెండు వరుసలు చేర్పింపవచ్చును. ఒకటి, ఊరిలోని ప్రతి బోరునకును, కుళాయి తొట్టెకును పరీక్షలో వచ్చిన ఫ్లోరైడు అంకె. అది వేసవిలో ఒకమారు, వానల తరువాత ఒకమారు వ్రాయవలెను. ఏలయనగా నీటిమట్టముతోపాటు అంకెయు మారును. రెండవది బడిలో పండ్ల లెక్క. ఎనిమిదేండ్ల పిల్లల ముందుపండ్లు చూచి, ఎందరికి మచ్చలు లేవో ఉపాధ్యాయుడును, ఆరోగ్య కార్యకర్తయు ఏటేట వ్రాయవచ్చును. దీనికి యంత్రమక్కరలేదు. పిల్లలను సిగ్గుపరుపకుండ, పేర్లు వ్రాయక, సంఖ్య మాత్రము వ్రాసిన చాలును.

ఈ రెండవ లెక్కలో ఓపిక అవసరము. శాశ్వతమైన ముందుపండ్లు చిగుళ్లలోపల పుట్టినది మొదలు నాలుగైదేండ్ల వయస్సులోగా తయారగును. బయటికి వచ్చునది ఆరు మొదలు ఎనిమిదేండ్ల నడుమ. కావున ఈనాడు మంచినీరు వచ్చినను, నేడు బడిలోనున్న పిల్లల పండ్లు మారవు. ఈనాడు పుట్టిన శిశువు పండ్లలో ఆరేడేండ్లకు గాని ఫలము కనబడదు. అయిదేండ్లకు ఒకమారు ఎన్నిక, మూడేండ్లకు ఒకమారు బదిలీ, ఏడాదికి ఒకమారు సమీక్ష ఉండు పాలనలో ఏడేండ్ల లెక్కను ఎవరు పట్టుకొని కూర్చుందురు? ఉద్యోగులు పట్టుకొనరు, మేమును పట్టుకొనలేము. మాకును బదిలీలున్నవి. ఊరిలో ఉండువారే పట్టుకొనవలెను. అందులకు ఒక నోటుపుస్తకము చాలును.

ఈ వ్యాసము వ్రాయుటకు ముందు మరల ఆ గ్రామమునకు వెళ్లితిమి. వృద్ధురాలు మమ్ము గుర్తుపట్టి, "పండ్ల లెక్క తెచ్చినావా నాయనా?" అని అడిగెను. తేలేదనియు, ఆ లెక్క ఊరిలోనే వ్రాసికొనవలసినదనియు చెప్పి, పై విషయములన్నియు వివరించితిమి. ఆమె అంతయు విని, లోపలినుండి మనుమరాలిని పిలిచెను. పిల్లకు రెండేండ్లు. నవ్వినపుడు కనబడినవి పాలపండ్లు. ఆ వారములోనే ఇంటిలో ఆ పిల్ల త్రాగు నీటిని, వండు నీటిని వేరుచేసిరనియు, పంచాయతీవారు బోర్లను పరీక్షింపజేసి అంకెలను గోడమీద వ్రాయించిరనియు మాకు కబురందినది. ఒక బోరు ప్రక్కన ఎర్రరంగుతో 'వంటకు వలదు' అని వ్రాసిరట. ఆ పిల్ల ముందుపండ్లు వచ్చుటకు ఇంకను నాలుగైదేండ్లున్నది.